తరగతిగదిలో తెలుగునకు వెలి

అమీరుపేటలో మైత్రీవనము మొదలుకొని పంజగుట్ట చౌరస్తా వరకు కాలినడకను పోవువారికి మేడలకంటె ముందుగా మేడలకు వ్రేలాడు పలకలు కనబడును. జావా నేర్పెదమనునది యొకటి, పోటీపరీక్షలకు సిద్ధపరచెదమనునది వేరొకటి, కొద్ది దినములలో ఆంగ్లము ధారాళముగా పలికించెదమనునది మరియొకటి. ఈ పలకల నడుమ కొంతకాలముగా ఫ్రెంచి, జర్మను పేరులును చేరినవి. ఇది మెచ్చదగిన మార్పే. కెనడా ప్రభుత్వము 2023లో తన వలస విధానమున ఫ్రెంచి తెలిసినవారికి ప్రత్యేకముగా నొక వరుస నేర్పరచిన పిదప ఉద్యోగస్థులు, ఆసుపత్రులలో పనిచేయు నర్సులు, పిల్లల తల్లులు సయితము సాయంకాలపు తరగతులలో చేరుచున్నారు. వినుట, చదువుట, వ్రాయుట, మాటాడుట యను నాలుగింటను ఆ దేశపు కొలబద్దపై ఏడవ మెట్టు నందుకొన్నవారికే ఆ వరుసలో చోటు. కాబట్టి వీరు వినోదమునకై ఫ్రెంచి నేర్చుటలేదు. కుటుంబము కూడబెట్టిన సొమ్మును, రాత్రుల నిద్రను ఇందు పెట్టుచున్నారు.

ఇట్టి తరగతులలో అనేకములందు గుమ్మముకడనే యొక నియమము వినబడును: లోపల తెలుగు మాటాడరాదు. ఫ్రెంచిని ఫ్రెంచిలోనే నేర్వవలెనట. శిశువు తల్లిభాషను మరియొక భాష తోడులేకయే నేర్చుకొనుచున్నది గదా, పెద్దవారును అట్లే నేర్వవలెనట. ఈ మాట వినుటకు ఇంపుగా నున్నది. శిశువునకు పగలెల్ల తల్లి యొడియు, చుట్టును అదే భాషయు నుండును. అయినను నాలుగు మాటలు కూర్చి చెప్పుటకు రెండు మూడేండ్లు పట్టును. మన గృహిణికి వారమునకు ఐదారు గంటలు, మూడు నెలల గడువు. ఆమె శిశువు కాదు. ఒక భాషను ఆమూలాగ్రముగా తెలిసిన మనిషి. ఆ తెలివిని గుమ్మము వెలుపల చెప్పులతోపాటు విడిచి రమ్మనుటయే ఈ నియమము.

ఆచరణలో నిది ఎట్లుండునో చూచెదము గాక. మేము పోయి కూర్చుండి చూచిన యొక తరగతిలో (ఆ సంస్థ పేరు చెప్పుట మా యుద్దేశము కాదు) ఉపాధ్యాయుడు 'పుర్తాఁ' అను మాటకు అర్థము చెప్పవలసి వచ్చెను. 'అయినను' అని దాని యర్థము. ఆయన చేతులు త్రిప్పెను, పలకపై బాణములు గీసెను, ముఖము చిట్లించెను. అయినను ఎవరికిని బోధపడలేదు. కుక్కను గీయవచ్చును, చెట్టును చూపవచ్చును; 'అయినను' అను దానిని ఎవరు గీయగలరు? తుదకు విసిగి ఆంగ్లమున నొక మాట చెప్పెను. సగముమంది తలలూపిరి. వెనుక వరుసలో నొకామె ప్రక్కనున్న యామెను "అంటే ఏమిటండీ?" అని మెల్లగా నడిగెను. ఉపాధ్యాయుడు వ్రేలు చూపి "నో తెలుగు" అనెను. ఆ యాజ్ఞ యే భాషలో నున్నదో ఆయనకు తోచినట్లు లేదు.

రహస్యమంతయు నిక్కడనే యున్నది. ఈ నియమము పేరునకు 'ఫ్రెంచి తప్ప వేరు భాష వలదు' అనునది. ఆచరణలో 'తెలుగు తప్ప ఏదైనను సరియే' అనునది. ఆంగ్లమునకు వెనుకద్వారము ఎల్లప్పుడు తెరచియే యుండును. అట్లయినచో దీనిని బోధనశాస్త్ర మనరాదు; పంక్తిభేద మనవలెను. వెలి వేయుటకు కారణము శాస్త్రమైనచో ఇరువురిని వెలివేయవలసినది. ఒక్కరినే వెలివేసినపుడు కారణము మర్యాద, హోదా, బెదురు. 2009లో కడప జిల్లా మైదుకూరులో నొక పాఠశాలయందు తెలుగు మాటాడిన బిడ్డల మెడలో 'ఇక తెలుగు మాటాడను' అను అర్థముగల పలక వ్రేలగట్టిన సంగతి చదువరులు మరచియుండరు. ఫ్రాన్సు దేశముననే పూర్వము బ్రెతోన్ భాష మాటాడిన పిల్లల మెడలో కొయ్యచెప్పువంటి వస్తువును వ్రేలగట్టుచుండిరి. నేటి తరగతిలో పలక లేదు. వ్రేలు మాత్రమే కలదు. వయసు వచ్చినవారు గనుక వ్రేలు చాలుచున్నది.

ఈ పద్ధతి ఎక్కడ పుట్టినది? అమెరికాలో మాక్సిమిలియన్ బెర్లిట్జ్ అనునాయన 1878లో ప్రావిడెన్సు పట్టణమున భాషాపాఠశాల నెలకొల్పెను. ఆంగ్లము రాని యొక ఫ్రెంచివానిని సహాయకునిగా పెట్టుకొనెననియు, తాను జబ్బుపడి కోలుకొని వచ్చునప్పటికి శిష్యులు ఫ్రెంచిలో కబుర్లాడుచుండిరనియు ఆ సంస్థవారే చెప్పుకొను కథ. కథను నమ్ముదము. అయినను అందు గమనింపదగినది ఒకటి కలదు: శిష్యుల భాష రాకపోవుట ఆ గురువునకు ఏర్పడిన కొరత, ఆయన ఎంచుకొన్న సిద్ధాంతము కాదు. కొరతను గుణముగా చెప్పుకొనుట వర్తకమునకు తెలిసిన విద్య. 1902లో ఫ్రాన్సు ప్రభుత్వము తన పాఠశాలలలో పరభాషలను ప్రత్యక్షపద్ధతిని బోధింపవలెనని శాసించెను; ఆ కాలమున దానికి న్యాయమైన కారణముండెను. అంతకుముందు జీవద్భాషలను లాటినువలె సూత్రములు వల్లెవేయించి, అనువాదములు వ్రాయించి చంపుచుండిరి. నోరు మెదపని చదువునకు ప్రత్యక్షపద్ధతి మందు. మందును నిత్యాహారముగా చేసికొనుట తరువాతివారి తప్పు. ఇక నేడు పారిసులో అచ్చగు పాఠ్యపుస్తకము సియోలునకును, సావుఁ పావులోకును, అమీరుపేటకును ఒక్కటియే. దానికి ఏ శిష్యుని భాషయు తెలియదు. కావుననే ఏ శిష్యుని భాషయు వలదనుచున్నది.

ఇంతవరకు నియమమును గూర్చి చెప్పితిమి. దానివలన మన విద్యార్థి పోగొట్టుకొనుచున్నది ఏమి? ఇది చాల పెద్ద లెక్క. వాదమునకంటె ఈ లెక్కయే ముఖ్యమని మా యభిప్రాయము.

ఫ్రెంచిలో చనువుగలవారిని 'త్యు' అనియు, గౌరవింపవలసినవారిని 'వు' అనియు సంబోధింతురు. ఆంగ్లముద్వారా ఈ సంగతి చెప్పబూనిన యుపాధ్యాయుడు అరగంట ఉపన్యసింపవలసి యుండును, ఏలయన ఆంగ్లమున నున్నది ఒక్క మాటయే. తెలుగులో 'నీవు, మీరు' అనిన చాలును. అత్తగారిని నీవనరాదని ఎరుగని తెలుగు పిల్ల యుండదు. క్రియారూపములును అట్టివే. కర్తను బట్టి క్రియ మారుట ఆంగ్లము చదివినవానికి వింత. 'వచ్చితిని, వచ్చితివి, వచ్చితిమి, వచ్చితిరి' అని పుట్టినది మొదలు పలుకుచున్నవానికి వింత యేమి? 'మీ భాషలో చేయునదే ఇక్కడను చేయుచున్నారు' అని యొక్క వాక్యము చెప్పుటకు ఉపాధ్యాయునికి నోరు రాకున్నది.

భూతకాలమును చూడుడు. ఫ్రెంచిలో 'పాసే కొంపొజే' అనియు 'అంపర్ఫే' అనియు రెండు రూపములు గలవు. మన విద్యార్థులు ఏండ్లు గడచినను ఈ రెంటిని తారుమారు చేయుచుందురు. ఆంగ్లమున ఒకే క్రియారూపము తరచుగా రెండుచోట్లను నడచును గనుక ఆంగ్లముద్వారా నేర్చినవారికి భేదము చిక్కదు. తెలుగువాడు 'నిన్న బంతి ఆడితిని' అనును. 'చిన్నతనమున బంతి ఆడెడివాడను' అనును. మొదటిది పాసే కొంపొజే, రెండవది అంపర్ఫే. 'ఆడుచుంటిని' అనునదియు ఆ రెండవ దాని పాలిటికే పోవును. అన్ని సందర్భములును ఇంతటితో తీరవు గాని, ముప్పాతికవంతు త్రోవ ఇంటిలోనే నడచియున్నాము.

ఆకలి సంగతి మరియు చిత్రము. ఫ్రెంచివాడు 'నాకు ఆకలి కలదు' అను రీతిని 'జే ఫాఁ' అనును. ఆకలి యనునది అక్కడ నామవాచకము, మన భాషలో వలెనే. ఆంగ్లమున అది విశేషణము. ఆంగ్లపు మెట్టుమీదుగా దిగినవాడు 'జ స్వీ ఫాఁ' అని తప్పు పలుకును, అనగా 'నేను ఆకలిని' అనును! తెలుగు తలతో ఆలోచించినచో ఈ తప్పు పుట్టదు. 'లిబ్రెరీ' అను మాటయు నంతే. ఆంగ్లపు పోలికను బట్టి గ్రంథాలయమనుకొందురు. అది పుస్తకాల అంగడి. 'ఆక్త్యుయెల్మాఁ' అనగా 'నిజమునకు' అని యనుకొందురు. దాని యర్థము 'ఇప్పుడు'. తెలుగును వెలివేసి ఆంగ్లమును ఊతకఱ్ఱగా నిచ్చినవారు ఆ కఱ్ఱయే కాలికి అడ్డుపడుననుట చెప్పరు.

ఉచ్చారణలోనైనను నష్టమే. ఫ్రెంచివారి త, ద లు మన దంత్యములవంటివి. ఆంగ్లేయుని ధ్వని మన చెవికి ట, డ లుగా వినబడును. ఫ్రెంచివారి క, త, ప లలో ఒత్తు లేదు, మనవియు నట్టివే. ఇంత సమీపపు నోరు గలవాడు రోమను లిపిని చూచి ఆంగ్లపు అలవాటున 'త్యు' అనుదానిని 'టు' అని పలుకుచున్నాడు! అక్షరముల క్రింద తెలుగులో నొకసారి వ్రాసి చూపినచో సరిపోవును. అనునాసికములకు మన అరసున్న యున్నది. బోఁ, ఫాఁ, మాఁ అని వ్రాసినచో చదువనేర్చినవారికి త్రోవ తెలియును. అచ్చుసౌకర్యమునకై మేము ఈ పత్రికలో అరసున్నను విడిచితిమి. దానికి పారిసు నగరమున పని దొరకునని ఎవరనుకొనిరి! తెలుగులిపి సరిపోని ధ్వనులు ఫ్రెంచిలో లేకపోలేదు. 'ఉ' కును 'ఇ' కిని నడిమి అచ్చు, గొంతులో దొరలు రేఫ, ఇవి వినియే నేర్వవలెను. ఆ రెండు మూడింటికై తక్కిన ఇరువదింటిని పారవేయుట ఏల?

సంధులను గూర్చి మేము కొంచెము ఉత్సాహముతో చెప్పినచో పాఠకులు మన్నింతురు గాక. 'ల' అను ఉపపదమునకు 'అమీ' పరమైనచో ఫ్రెంచివాడు 'లమీ' అనును. రాముడు, ఇతడు కలిసి 'రాముడితడు' అయినట్లే. కొన్ని మాటల చివర నున్న హల్లు ఒంటరిగా నున్నపుడు వినబడదు, అచ్చు పరమైనపుడు మేలుకొని పలుకును: 'లే' అనునది 'అమీ'తో కూడి 'లేజమీ' యగును. దీనిని చూచి ఆంగ్లవిద్యార్థి గుండె బాదుకొనును. మనకు ద్రుతము తెలియును. 'వచ్చె' అని యాగినచోట లేని నకారము 'వచ్చెనతడు' అనినపుడు ఎక్కడనుండి వచ్చినది? ఇక ప్రశ్నించునపుడు 'ఆ', 'ఇల్' అను రెంటి నడుమ త కారము చేరి 'ఆతిల్' అగును. నిలువు, అద్దము కలిసినపుడు టకారము చేరి నిలువుటద్దము కాలేదా? చిన్నయసూరి దీనికి టుగాగమమని పేరు పెట్టినాడు. పాఠశాలలో ఈ సూత్రములను తిట్టుకొనుచు బట్టీపట్టిన వారెందరో ఆ ఫ్రెంచి తరగతిలోనే కూర్చుండి యున్నారు. వారి కష్టమునకు ఫలము దక్కు ఘడియలో, నోరు మూసికొమ్మని ఆజ్ఞ.

తెలుగు తోడ్పడని తావులును గలవు. కుర్చీకి, కిటికీకి లింగమేమిటని మనవారు తెల్లబోదురు. ఉపపదములు మనకు లేవు. మన 'మేము, మనము' అను భేదము ఫ్రెంచిలో లేదు. అయితే ఈ తావులలోనే గదా విశదముగా, విద్యార్థి భాషలో, చెప్పవలసిన యక్కర! పైగా ఇది హైదరాబాదు. కుర్సీ స్త్రీలింగమనియు దర్వాజా పుంలింగమనియు వీధిలో ఉర్దూ విని పెరిగిన బిడ్డకు తెలియును. నహీఁ, హాఁ అను ముక్కుపలుకులును తెలియును. ఇంటి భాష చేయలేని పనిని ఇరుగుపొరుగు భాష చేయగలదు.

దీనికి వచ్చు ఆక్షేపణలలో బలమైనది ఒకటి కలదు. అమీరుపేటలో ఫ్రెంచి వినబడు చోటు ఆ తరగతిగది యొక్కటియే. అక్కడ తెలుగు మాటాడిన ప్రతి నిమిషము ఫ్రెంచికి లోటు గదా యందురు. నిజము. 1985లో ఏర్పడిన దెల్ఫ్ పరీక్షలో అనువాదముండదు. ఫ్రెంచి విని, ఫ్రెంచిలో బదులు చెప్పవలెను. గంటసేపు తెలుగులో ఫ్రెంచి వ్యాకరణమును గూర్చి ఉపన్యసించువానిని మేము సమర్థింపము. ఇంటరుమీడియటులో మార్కులకొరకు ఫ్రెంచి పుచ్చుకొని, ప్రశ్నలకు జవాబులు కంఠస్థముచేసి, 'నీ పేరేమి' అనిన ఉలుకక కూర్చుండు చదువును అంతకంటెను సమర్థింపము. మేము కోరునది క్షణముల లెక్క. 'అయినను' అను మాట చెప్పుటకు ఒక్క క్షణము పట్టును. అభినయమునకు పది నిమిషములు పట్టినది. ఆ పది నిమిషములు ఫ్రెంచికే దక్కియుండెడివి. వేల్సు దేశమున డాడ్సన్ అను పండితుడు 1967లో ప్రకటించిన గ్రంథమున ఈ రీతినే బోధించెను: గురువు పరభాషావాక్యమును పలుకును, దాని భావమును శిష్యుని భాషలో నొకసారి చెప్పును, మరల పరభాషావాక్యమునే పలుకును, అటుపిమ్మట అభ్యాసమంతయు పరభాషలోనే. తెలుగు దీపము వెలిగించి తొలగిపోవును. ఐరోపా మండలి 2001లో వెలువరించిన భాషాప్రమాణములు సయితము మనిషి మనస్సులో భాషలు వేరువేరు పెట్టెలలో నుండవనియే చెప్పినవి. 2020 నాటి అనుబంధము ఒక భాషలోని విషయమును మరియొక భాషవానికి అందించు నేర్పును విపులముగా కొలిచినది. మెట్లకు పేరులు మాత్రము ఆ గ్రంథమునుండి తెచ్చుకొని, ఈ మాటలను అక్కడనే విడిచివచ్చిరి మనవారు.

పైగా తెలుగును నిషేధించినంత మాత్రమున అది పోవునా? ప్రతి విద్యార్థియు లోలోపల తెనిగించుకొనుచునే యుండును. బయట తెనిగించినచో గురువు తప్పు దిద్దును. లోపల తెనిగించినచో తప్పు అట్లే గట్టిపడును.

తరగతిలో తమిళులు, మరాఠీలు, ఉత్తరాదివారు కూడ నుందురు గదా యని మరియొక మాట. ఉన్నచోట హిందూస్థానీ యుండనే యున్నది. అదియు చాలనిచోట ఒకే భాషవారిని ప్రక్కప్రక్కను కూర్చుండబెట్టి రెండు నిమిషములు తమలో చర్చించుకొననిచ్చినచో కొంప మునుగదు. ఫ్రాన్సునుండి వచ్చిన గురువునకు తెలుగు రాదందురా? ఆయనను ఎవరును తప్పుపట్టుటలేదు. మేము చెప్పునది తెలుగు వచ్చియు రానట్లు నటించువారిని గూర్చి.

అమీరుపేటవారికి ఈ యుపాయము క్రొత్తయు గాదు. ఆ మేడలలోనే, గోడకు ఆవల, జావాయు దత్తాంశశాస్త్రమును ఎట్లు చెప్పుచున్నారో వినుడు. పారిభాషికపదములు ఆంగ్లమున, వివరణము తెలుగున, మధ్యమధ్య ఉర్దూ చమత్కారము. తెలుగుమాధ్యమమున చదివివచ్చిన పల్లెటూరి పిల్లలు వేలమంది ఆ గదులలో విద్య నేర్చి దేశాంతరములలో నిలద్రొక్కుకొనిరి. యంత్రమునకు ఆజ్ఞలిచ్చు కఠినవిద్యకు తెలుగు పనికివచ్చినది. 'రొట్టె యిమ్ము' అని యడుగుటకు పనికిరాదట! ఇదే నగరమున 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో వైద్యమును, గణితమును బోధించుటకు పూనుకొనెను. తెలుగువారికి అది మాతృభాష కాదనుట వేరు వివాదము. దేశభాషకు శాస్త్రము నెత్తు శక్తి కలదనుట మాత్రము నాడే తేలినది.

భాషను వంతెన చేసికొని మరియొక భాషకు పోవుట మన పూర్వులకు సిగ్గుకాలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు తెలుగు, సవర రెండును తెలిసిన మనిషిని ఇంటనే యుంచుకొని సవరభాష నేర్చిరి. పిదప సవరబిడ్డలకు వారి భాషలోనే వాచకములు వ్రాసిరి. దొరలు మాత్రము తెలుగును తెలుగులోనే నేర్చిరా? కాంబెల్ 1816లోను, బ్రౌను 1840లోను వెలువరించిన తెలుగు వ్యాకరణములు ఆంగ్లమున వ్రాయబడినవి. వారికి తమ భాష మెట్టు. మనకు మన భాష అడ్డు! బుస్సీ దొరయంతవాడు ఈ హైదరాబాదున హైదరుజంగు దుబాసీతనము లేక అడుగు పెట్టలేదు. దుబాసీ యనగా రెండు భాషలవాడు, అంతియే. నిజాము కొలువులోని ఫ్రెంచి సేనాని రేమోఁ 1798లో మరణించెను. 'ముస్యే రేమోఁ' అను పేరును మన జనులు తమ నోటికి అనువుగా 'మూసారాం' చేసికొనగా అదియే మూసారాంబాగయినది. ఆ జనులకున్న ధైర్యము తరగతిగదిలోని పట్టభద్రులకు లేకపోయెను.

గృహస్థులతో మరియొక మాట. కొన్ని పాఠశాలలలో బిడ్డకు తెలుగు మాన్పించి దాని స్థానమున ఫ్రెంచి నిప్పించుట హోదాగా నుండెడిది. తెలంగాణ ప్రభుత్వము 2018లో ఒకటి మొదలు పదవ తరగతి వరకు తెలుగును తప్పనిసరి చేయుచు చట్టము చేసిన పిదపను, ఇంటరుమీడియటునకు వచ్చుసరికి పలువురు తెలుగును దింపి మార్కులు కురిపించు భాషను ఎక్కించుచునే యున్నారు. ఈ రెంటికి సంబంధము లేదనుకొనవలదు. తెలుగు సరిగా రాని బిడ్డకు 'ఆడితిని, ఆడెడివాడను' అను పోలిక చెప్పియు ప్రయోజనముండదు. అప్పుడు ఆ బిడ్డకు ఫ్రెంచి నేర్పుటకు మిగిలిన దారి నిజముగా చేతులు త్రిప్పుటయే.

చేయవలసిన పని చాల చిన్నది. తెలుగువారికి ఫ్రెంచిలో కలుగు తప్పులను, పైన చెప్పినవంటి పోలికలను, రెండు మూడువందల మాటలను తెలుగు అర్థములతో చేర్చి నలువది పుటల పుస్తకమొకటి చాలును. హైదరాబాదు నగరమున 1958లో స్థాపితమై, పిమ్మట ఫ్రెంచి మున్నగు భాషలనుగూడ చేర్చుకొని, 2007నుండి కేంద్ర విశ్వవిద్యాలయముగా నున్న ఆంగ్ల విదేశీభాషా విశ్వవిద్యాలయము తార్నాకలో నున్నది. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండిన తెలుగూరు యానాము గోదావరి యొడ్డున నున్నది. రెండు భాషలు నెరిగినవారికి కొదువలేదు. ఆ పుస్తకము వచ్చువరకు, అమీరుపేటలోగాని పంజగుట్టలోగాని రుసుము చెల్లింపబోవు గృహిణులు యజమానిని ఒక్క ప్రశ్న అడుగుదురు గాక: "నాకు తెలియని మాటను తెలుగులో అడిగినచో మీ గురువుగారు ఏమి చేయుదురండీ?" జవాబు వినిన పిదప సంచి విప్పవచ్చును.